నాయన గుండె జబ్బు ఆయాసం రాకముందే దొరికేదా? ల్యాబ్ టెస్టుల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

అనంత_చీనీతోట (ఆదివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం పక్కన పల్లె. నాయనకు 63 ఏళ్ళు. కొంచెం చీనీ తోట, మిగతాది చెనక్కాయ. పోయిన ఏడాది చెనక్కాయ చెట్లు మిషన్‌కు వేసేటప్పుడు ఆయాసం మొదలైంది, దుమ్ముకు అనుకున్నాం. దగ్గరలో చూపిస్తే ఆస్తమా అని పీల్చే మందు రాశారు, నాలుగు నెలలు అదే పీల్చాడు. రాత్రి పడుకుంటే దగ్గు, లేచి మంచం మీద కూర్చుంటే తగ్గేది. అది గుండెకు సంబంధించిన గుర్తు అని మాకు ఒక్కరూ చెప్పలేదు. చివరికి కాళ్ళు వాచి చెప్పులు కూడా పట్టకపోతే టౌన్‌కు తీసుకుపోయి ఎకో (గుండె స్కాన్) తీయించాం, పంపింగ్ 28 శాతం అన్నారు. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ అని ఒక రక్తపరీక్ష చేస్తే 6,840 వచ్చింది.

ఇప్పుడు మందులతో కుదుటపడ్డాడు, రెండు దిండ్లు పెట్టుకుని నిద్రపోతున్నాడు, అదే మాకు పెద్ద పండుగ. నా ప్రశ్నలు రెండు. ఆ రక్తపరీక్ష ఏ ఆర్నెల్ల ముందో చేసి ఉంటే దొరికేదా? రెండోది, అమ్మకు 58. 12 ఏళ్ళుగా షుగర్, బీపీ కూడా ఉంది. ఆయాసం అంటూ ఏమీ లేదు, ఇంటెడు చాకిరీ చేస్తుంది. ఆమెకు ఇప్పుడే చేయించాలా, లేక ఊరికే టెన్షన్ కొనితెచ్చుకున్నట్టు అవుతుందా?

బురుజు_ల్యాబ్ (ఆదివారం, రాత్రి 9:52)

అన్నా, నేను కర్నూల్లో ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఈ టెస్టు రోజూ పెట్టేవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది చెప్తా. గుండె కింది గదుల గోడ మీద ఒత్తిడి పెరిగి అది సాగినప్పుడు, అక్కడి కండ కణాలు 108 అమైనో ఆమ్లాలున్న ఒక గొలుసును తయారుచేస్తాయి. అది రెండు ముక్కలవుతుంది. 32 ఉన్న ముక్క బీఎన్‌పీ, అది మూత్రపిండాలకు ఉప్పూ నీళ్ళూ బయటికి పంపమని చెప్తుంది, రక్తనాళాలను సడలిస్తుంది. 76 ఉన్న రెండో ముక్క ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ, దానికి ఆ పని లేదు కానీ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది, అందుకే కొలవడానికి సులువు. అంటే గుండెకు భారం ఎక్కువైతే తన నీటి మాత్రను (ఒంట్లో నీరు మూత్రంగా పోవడానికి వేసే మందును) తానే చేసుకుంటోందన్నమాట, మేం కొలిచేది దాని తాలూకు ఆనవాలు.

ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చిన మనిషికి ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ 300 లోపు ఉంటే ఆ ఆయాసం గుండె ఫెయిల్యూర్ (గుండె తన పని సరిగ్గా చేయలేకపోవడం) వల్ల కాదని దాదాపు చెప్పేయవచ్చు. నిదానంగా ఓపీకి నడిచివచ్చేవాళ్ళకు గీత 125. మీ నాయనకు పీల్చే మందు రాసిన రోజున ఈ టెస్టు చేసి ఉంటే అంకె పెద్దదే వచ్చి ఉండేదని నా నమ్మకం, ఎందుకంటే పడుకుంటే దగ్గు, కూర్చుంటే తగ్గడం అనేది అప్పటికే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న లక్షణం.

ఒక మాట. ఈ అంకెను ఒంటరిగా చూడకూడదు. వయసుతో పెరుగుతుంది, కిడ్నీ దెబ్బతింటే పెరుగుతుంది, గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే పెరుగుతుంది. లావుగా ఉన్నవాళ్ళలో మాత్రం జబ్బు ఉన్నా తక్కువ చూపిస్తుంది. ఇంకా జుట్టు ఊడకుండా బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్ళు ల్యాబ్‌లో ఆ సంగతి ముందే చెప్పాలి, కొన్ని మిషన్లలో అది రిజల్ట్‌ను తప్పుగా తగ్గించేస్తుంది. ఈ విషయం అడిగే ల్యాబ్‌లు తక్కువ, మీరే చెప్పుకోవాలి.

హంద్రీ_గట్టు (ఆదివారం, రాత్రి 10:30)

కోపం తెచ్చుకోవద్దు, ఒక మాట అంటాను. ఏ బాధా లేని అమ్మకు వేలు పోసి టెస్టు ఎందుకు? మా ఇంట్లో ఫుల్ బాడీ చెకప్ అని చేయించి, ఒక అంకె అటూ ఇటూ ఉందని ఆరు నెలలు ఆస్పత్రుల చుట్టూ తిరిగాం, చివరికి ఏమీ లేదన్నారు. మా అమ్మ ఆ ఆరు నెలలూ నిద్రపోలేదు. పల్లెల్లో మనుషులకు బీపీ మాత్ర సరిగ్గా అందడమే కష్టంగా ఉంది. ముందు అది చూడాలి కదా. జబ్బు లేనివాళ్ళకు ఈ టెస్టు చేస్తే మేలు జరిగిందని ఎవరైనా నిరూపించారా?

కడప_కణం (సోమవారం, ఉదయం 6:45)

హంద్రీ అన్నా, మీరు అడిగింది సరైన ప్రశ్న. మాది కడప, నేను హైదరాబాద్‌లో గుండె కణాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను.

నిరూపించారు. ఐర్లండ్‌లో స్టాప్ హెచ్‌ఎఫ్ అని ఒక అధ్యయనం, 2013లో వెలువడింది. 40 దాటి, బీపీ, షుగర్ లాంటివి ఉండి, గుండె ఫెయిల్యూర్ లేని 1,374 మందిని తీసుకున్నారు. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి బీఎన్‌పీ చూసి, 50 దాటినవాళ్ళకు మాత్రం ఎకో తీసి గుండె డాక్టర్ పర్యవేక్షణలో పెట్టారు. సగటున నాలుగేళ్ళు గడిచాక, మామూలు గుంపులో 8.7 శాతం మందికి గుండె పనితీరు దెబ్బతింటే, టెస్టు చేసిన గుంపులో అది 5.3 శాతం. కొత్త మందేమీ లేదు అందులో, ఎవరికి ముందుగా శ్రద్ధ అవసరమో టెస్టు చూపించింది, అంతే. 2022లో అమెరికా డయాబెటిస్ సంఘం కూడా షుగర్ ఉన్నవాళ్ళకు ఏడాదికోసారి ఈ టెస్టు గానీ, హై సెన్సిటివ్ ట్రోపోనిన్ (గుండె కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే ప్రోటీన్) గానీ చేయించమని చెప్పింది. కాబట్టి చీనీతోట అన్న వాళ్ళ అమ్మకు చేయించడం ఫుల్ బాడీ ప్యాకేజీ లాంటిది కాదు. 12 ఏళ్ళ షుగర్, పైన బీపీ, ఆమె ఆ గుంపులోకే వస్తుంది.

ఇంత తొందర ఎందుకంటే, గుండె కండ పోతే మళ్ళీ దాదాపు రాదు. ఇది ఎలా తెలిసిందో చెప్తా, నాకు చాలా ఇష్టమైన పరిశోధన. 1950లు, 60లలో అణుబాంబు పరీక్షల వల్ల గాలిలో కార్బన్ 14 (ఒక రేడియోధార్మిక కార్బన్) పెరిగింది, తిండి ద్వారా అది అప్పుడు పుట్టిన ప్రతి కణం డీఎన్ఏలోకీ చేరింది. స్వీడన్‌లోని కరోలిన్‌స్కా శాస్త్రవేత్తలు చనిపోయినవాళ్ళ గుండె కణాల్లో ఆ కార్బన్‌ను కొలిచి, ఏ కణాలు ఎప్పుడు పుట్టాయో లెక్కగట్టారు. 2009లో తేలింది ఏమిటంటే, 25 ఏళ్ళప్పుడు గుండె కండ కణాల్లో ఏడాదికి 1 శాతం మాత్రమే కొత్తవి వస్తాయి, 75 ఏళ్ళకు అది అర శాతం కంటే తక్కువ. జీబ్రా చేపకు గుండె కింది గదిలో ఐదో వంతు కోసేసినా రెండు నెలల్లో మళ్ళీ పెరుగుతుంది. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లకు కూడా ఆ శక్తి ఉంటుంది, వారం తిరిగేసరికి పోతుంది. ఆ వారంలో ఏం మారుతోందో తెలుసుకుని పెద్దవాళ్ళ గుండెలో మళ్ళీ తెప్పించాలని ఎన్నో ల్యాబ్‌లు పనిచేస్తున్నాయి. మందుగా మన చేతికి వచ్చేదాకా మాత్రం, ఉన్న కండను కాపాడుకోవడమే దారి.

బురుజు_ల్యాబ్ (సోమవారం, ఉదయం 8:05)

అక్కా, ఈ బీఎన్‌పీలో బీ అంటే బ్రెయిన్ అని చదువుకున్నాం, గుండె నుంచి వచ్చేదానికి మెదడు పేరెందుకో మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

కడప_కణం (సోమవారం, ఉదయం 8:40)

తమ్ముడూ, మొదట దొరికింది మెదడులోనే, అందుకు. అసలు కథ 1981లో మొదలైంది. కెనడాలో అడాల్ఫో డి బోల్డ్ ఎలుకల గుండె పై గదుల కండను నూరి ఆ రసం వేరే ఎలుకలకు ఎక్కిస్తే అవి విపరీతంగా మూత్రం పోశాయి, ఉప్పు కూడా దాంతోపాటే పోయింది. గుండె అంటే మోటరు లాగా రక్తాన్ని తోడేది మాత్రమే అనుకునే రోజుల్లో, అది హార్మోన్ తయారుచేసే గ్రంథి కూడా అని తేలింది. తర్వాత 1988లో జపాన్ శాస్త్రవేత్తలు పంది మెదడులో అలాంటిదే ఇంకోటి పట్టుకుని మెదడు పేరు పెట్టేశారు. తీరా చూస్తే అది ఎక్కువగా తయారయ్యేది గుండె కింది గదుల్లో. పేరు అలాగే ఉండిపోయింది. 2002లో ఆయాసంతో ఎమర్జెన్సీకి వచ్చిన 1,586 మంది మీద చూసి, బీఎన్‌పీ 100 అనే గీత ఎంత బాగా పనిచేస్తుందో చూపించాక ఆస్పత్రుల్లోకి వచ్చింది. ఎలుక నుంచి మంచం పక్కకు రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

ప్రొద్దుటూరు_లెక్కలసార్ (సోమవారం, మధ్యాహ్నం 1:20)

నేను రిటైర్డ్ టీచర్‌ని, ప్రొద్దుటూరు. నా అనుభవం చెప్తాను, చీనీతోట బాబుకు పనికొస్తుంది. మా ఇంటావిడకు మెట్లెక్కితే ఆయాసం. ఎకో తీస్తే పంపింగ్ 60 శాతం, గుండె భేషుగ్గా ఉందన్నారు, వయసు, బరువు అని పంపేశారు. మేమూ సంతోషంగా ఇంటికి వచ్చి పాయసం చేసుకున్నాం. ఏడాది తర్వాత అర్ధరాత్రి ఊపిరాడక అంబులెన్స్‌లో తీసుకుపోయాం. అప్పుడు ఒక చిన్న వయసు డాక్టరమ్మ కూర్చోబెట్టి వివరించింది. గుండె ముడుచుకోవడం బాగానే ఉంది, కానీ గోడ గట్టిపడి సరిగ్గా వదులు కావడం లేదు, అందుకని నిండాల్సినంత రక్తం నిండటం లేదు, వెనక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరుగుతోంది అని. పంపింగ్ శాతం అంటే నిండిన రక్తంలో ఎంత వంతు బయటికి పోతోంది అనే నిష్పత్తి మాత్రమే. నలభై ఏళ్ళు పిల్లలకు నిష్పత్తులు చెప్పినవాణ్ణి, లవమూ హారమూ రెండూ ఒకే వంతున తగ్గితే నిష్పత్తి మారదని నాకు ఆ రాత్రి దాకా తట్టలేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

షుగర్, బీపీ, బరువు ఉన్న ఆడవాళ్ళలో ఈ రకం ఎక్కువట. బాబూ, అమ్మకు ఎకోలో పంపింగ్ బాగుందంటే అక్కడితో ఆగవద్దు, గోడ మందం ఎంత, ఎడమ పై గది పెద్దదయిందా అని అడుగు.

అనంత_చీనీతోట (సోమవారం, రాత్రి 8:15)

సార్, మీ మాట చదివి అమ్మను బుధవారం తీసుకుపోవాలని నిర్ణయం తీసుకున్నా. హంద్రీ అన్నా, మీ అమ్మగారు పడ్డ టెన్షన్ నాకు అర్థమైంది, అందుకే అమ్మకు షుగర్ టెస్టుతోపాటు చేయిస్తున్నా అని మాత్రమే చెప్పా.

కడప అక్కా, ఇది వంశంలో వస్తుందా? మా అబ్బ (తాత) కూడా 60 దాటకుండానే పొలంలో కూలి చనిపోయాడు. నాకు 34.

మందులషాపు_ఆదోని (సోమవారం, రాత్రి 8:50)

అన్నా, బుధవారం వెళ్ళేటప్పుడు అమ్మ వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని పో. ముఖ్యంగా షుగర్ మాత్ర. మన దగ్గర మూడు మందులు కలిపిన మాత్రలు బాగా నడుస్తాయి, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వాటితో పియోగ్లిటజోన్. ఈ మూడోది షుగర్‌ను బాగానే తగ్గిస్తుంది కానీ ఒంట్లో నీరు నిలబెడుతుంది, గుండె ఫెయిల్యూర్ ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదు. నువ్వే ఆపేయవద్దు, డాక్టర్‌కు చూపించు.

రెండోది, మోకాళ్ళ నొప్పుల మాత్రలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి. పొలం పనికి పోయేవాళ్ళు మా షాపులో పల్లీలు కొన్నట్టు కొంటారు. అవి కూడా ఉప్పూ నీరూ ఒంట్లో నిలబెడతాయి, కిడ్నీని దెబ్బతీస్తాయి. నీటి మాత్ర ఒక పక్క, నొప్పి మాత్ర ఇంకో పక్క వేసుకుంటే ఒకటి తోడుతుంటే ఇంకోటి నింపుతుంటుంది. మీ నాయనకు ఇవి ఇవ్వొద్దు. ఇంజెక్షన్ అయినా అంతే.

అనంత_చీనీతోట (సోమవారం, రాత్రి 9:05)

ఇప్పుడే డబ్బా తీసి చూశా. అమ్మ మాత్రలో పియోగ్లిటజోన్ 15 ఉంది. ఐదేళ్ళుగా అదే చీటీ.

కడప_కణం (సోమవారం, రాత్రి 10:20)

కంగారు పడకండి, చాలామందికి అది ఇబ్బంది లేకుండానే నడుస్తుంది. కానీ బుధవారం తప్పకుండా చూపించండి.

వంశం గురించి. 2009లో హైదరాబాద్ సీసీఎంబీకి (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రానికి) చెందిన తంగరాజ్ గారు, ఇంకా చాలామంది శాస్త్రవేత్తలు కలిసి మన దేశానికి చాలా ముఖ్యమైన విషయం బయటపెట్టారు. గుండె కండలో ఒక ప్రోటీన్‌ను తయారుచేసే ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 డీఎన్ఏ అక్షరాలు ఊడిపోయిన మార్పు మనలో నూటికి దాదాపు నలుగురిలో ఉంది. మన ఉపఖండం వాళ్ళలోనే ఎక్కువ. అది ఉన్నవాళ్ళకు గుండె కండ జబ్బు వచ్చే అవకాశం సుమారు ఏడు రెట్లని ఆ పరిశోధన చెప్పింది. అయితే తర్వాత ఇంకా లోతుగా వెళ్ళినవాళ్ళు, ఆ లోపం ఉన్న అందరికీ కాదు, దానితోపాటే ఇంకో మార్పు కూడా ఉన్నవాళ్ళలో గుండెపై ప్రభావం కనిపిస్తోందని 2018లో చూపించారు. కాబట్టి ఆ లోపం ఉందంటే జబ్బు ఖాయమని కాదు.

మా ల్యాబ్‌లో చేసే పని ఇలాంటిదే. మనిషి రక్తంలోని కణాలను తీసుకుని, జపాన్‌లో యమనక కనిపెట్టిన పద్ధతిలో వెనక్కి నడిపించి మూలకణాలుగా మార్చి, మళ్ళీ గుండె కండ కణాలుగా ముందుకు నడిపిస్తాం. పది రోజులకు అటూ ఇటూగా అవి గిన్నెలో తమంతట తామే కొట్టుకోవడం మొదలుపెడతాయి. మొదటిసారి మైక్రోస్కోప్‌లో చూసిన రోజు నేను భోజనానికి కూడా లేవలేదు. ఆ మనిషి జన్యువులే ఆ కణాల్లో ఉంటాయి కాబట్టి, ఏ మార్పు కండను బలహీనపరుస్తుందో, ఏ మందు పడదో ఆ మనిషిని ముట్టుకోకుండానే చూడొచ్చు.

మీకు ఇప్పుడే జన్యు పరీక్ష అక్కర్లేదు. మీ నాయనకు ఫెయిల్యూర్ ఎందుకు వచ్చిందో ముందు డాక్టర్‌ను అడగండి. రక్తనాళం పూడుకుపోవడం వల్ల అయితే దారి ఒకటి, నాళాలు బాగుండి కండ మాత్రమే బలహీనపడితే మీరూ, మీ తమ్ముళ్ళూ ఒకసారి ఈసీజీ, ఎకో చేయించుకోవాలి. తిరువనంతపురం జిల్లాలో 2013లో గుండె ఫెయిల్యూర్‌తో ఆస్పత్రిలో చేరిన 1,205 మందిని చూస్తే సగటు వయసు 61, పాశ్చాత్య దేశాలకంటే పదేళ్ళు ముందు. ఎక్కువమందికి కారణం పూడుకుపోయిన రక్తనాళాలే.

హంద్రీ_గట్టు (మంగళవారం, ఉదయం 7:30)

నేను ఆదివారం అడిగినదానికి జవాబు దొరికింది, కడప అమ్మాయికి కృతజ్ఞతలు. షుగర్, బీపీ ఉన్నవాళ్ళ వరకు ఒప్పుకుంటాను. కానీ మా ఆలూరు, పత్తికొండ వైపు పల్లెల్లో ఎకో కావాలంటే కర్నూలుకో, ఆదోనికో పోవాలి, ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాడి కూలి కూడా పోతుంది. ఈ పరిశోధనలు అక్కడికి ఎప్పుడు వస్తాయి?

కడప_కణం (మంగళవారం, రాత్రి 9:15)

అన్నా, ఆశ కలిగించేది ఒకటి ఉంది. ఈసీజీ మిషన్ చాలా చోట్ల ఉంది కదా. 2019లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రి వాళ్ళు, మామూలు ఈసీజీ గీతలను కంప్యూటర్‌కు నేర్పించి, డాక్టర్ కంటికి కనిపించని మార్పులతో పంపింగ్ 35 శాతం, అంతకన్నా తక్కువ ఉన్నవాళ్ళను పట్టుకోవచ్చని చూపించారు. అది చెప్పినంతలో జబ్బు ఖరారు కాదు, ఎవరిని ఎకోకు పంపాలో చెప్తుంది. కూలి పోగొట్టుకుని ఊరికే వెళ్ళేవాళ్ళు తగ్గుతారు. మన మనుషుల ఈసీజీల మీద కూడా సరిచూసి, పీహెచ్‌సీల్లో పెట్టాలని నాకు గట్టిగా ఉంది.

అనంత_చీనీతోట (శనివారం, సాయంత్రం 6:40)

అమ్మ రిజల్ట్స్ వచ్చాయి. ఎన్‌టీ ప్రోబీఎన్‌పీ 236. ఎకోలో పంపింగ్ 60. సార్ చెప్పినట్టే అడిగితే డాక్టర్ ఒక క్షణం నా వైపు చూసి, మళ్ళీ స్క్రీన్ దగ్గరికి పోయి చూపించాడు. ఎడమ గది గోడ కొంచెం మందంగా ఉంది, పై గది కొద్దిగా పెద్దది. ఫెయిల్యూర్ ఇంకా రాలేదు, ఆ దారిలో మొదటి మెట్టు అన్నాడు. పియోగ్లిటజోన్ ఉన్న మాత్ర ఆపేసి డాపాగ్లిఫ్లోజిన్ రాశాడు, బీపీ మాత్ర మార్చాడు. మూత్రంలో ఆల్బుమిన్ (కిడ్నీ దెబ్బతింటే మూత్రంలోకి జారే ప్రోటీన్) కూడా చూడమన్నాడు.

నాయనకూ మళ్ళీ చేయించాం, 6,840 నుంచి 1,120కి దిగింది, పంపింగ్ 39. ఇంటికి వచ్చి చెప్తే, "అయితే దుక్కికి పోవచ్చా" అని అడిగాడు.

మందులషాపు_ఆదోని (శనివారం, రాత్రి 7:30)

మంచి మాట చెప్పావన్నా. డాపా గురించి రెండు ముక్కలు. ఈ రకం మందుల మూలం ఆపిల్ చెట్టు వేరు బెరడులో 1835లో దొరికిన ఫ్లోరిజిన్ అనే పదార్థం, అది చక్కెరను మూత్రంలోకి పంపుతుంది. షుగర్ కోసం తయారుచేసిన ఈ మందులు గుండె ఫెయిల్యూర్‌తో ఆస్పత్రిలో చేరడాన్ని తగ్గిస్తాయని 2015లో ఎంపాగ్లిఫ్లోజిన్‌తో తెలిసింది. 2019లో డాపాతో 4,744 మంది మీద చూస్తే, షుగర్ లేని ఫెయిల్యూర్ పేషెంట్లకు కూడా పనిచేసింది. 2020లో పేటెంట్ అయిపోయాక మన కంపెనీలు తయారుచేస్తున్నాయి, రేటు బాగా తగ్గింది. మూత్రం దారిలో దురద, ఫంగస్ వస్తాయి, శుభ్రంగా ఉండమని అమ్మకు చెప్పు. వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి పోని రోజుల్లో, ఏదైనా ఆపరేషన్ ముందు ఈ మాత్ర ఆపాలా అని డాక్టర్‌ను అడగాలి.

బురుజు_ల్యాబ్ (శనివారం, రాత్రి 8:10)

అన్నా, నాయన మందుల్లో సాకుబిట్రిల్ వల్సార్టాన్ ఉంటే ఎప్పుడూ ఎన్‌టీ ప్రోబీఎన్‌పీయే చేయించు, బీఎన్‌పీ వద్దు. ఆ మందు బీఎన్‌పీని కరగనివ్వకుండా ఆపుతుంది, దాంతో గుండె బాగుపడుతున్నా ఆ అంకె పెరిగినట్టు కనిపించవచ్చు. వీలైతే ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించు, మిషన్ మారితే అంకె మారుతుంది.

ప్రొద్దుటూరు_లెక్కలసార్ (ఆదివారం, ఉదయం 6:20)

బాబూ, చాలా సంతోషం. దుక్కి సంగతి డాక్టర్‌నే అడగండి, ఈ లోపల తోటలో నిదానంగా నడవనివ్వండి.

మా ఇంట్లో ఒక నోటుపుస్తకం పెట్టాం. పొద్దున్నే మూత్రానికి పోయి వచ్చాక, ఏమీ తాగకముందు ఆమె బరువు చూసి రాస్తాను. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి కాదు, నీరు, వెంటనే ఫోన్ చేయాలి. రెండేళ్ళలో ఇలా రెండుసార్లు ముందే పట్టుకున్నాం, ఆస్పత్రిలో చేరే పని లేకుండా మాత్ర పెంచడంతో సరిపోయింది. ఊరుబిండిలో, మజ్జిగలో ఉప్పు తగ్గించాం, ఊరగాయ నెలకోసారి. రోజుకు మొత్తం 5 గ్రాముల లోపు ఉండాలంటారు, ఒక చిన్న చెంచా.

మే నెలలో జాగ్రత్త. నీళ్ళు తక్కువ తాగమన్నారని మన ఎండల్లో కూడా అలాగే ఉండి, పైన నీటి మాత్ర వేసుకుని మా ఆవిడ ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయింది. ఎండాకాలం మొదలయ్యే ముందే మోతాదు గురించి డాక్టర్‌ను అడిగి రాయించుకోండి.

అనంత_చీనీతోట (ఆదివారం, ఉదయం 9:00)

సార్, ఇప్పుడే అనంతపురం నుంచి బరువు చూసే మిషన్ తెచ్చా. నాయన 61.4, అమ్మ 68.2. మొదటి పేజీలో రాశాం. మా చిన్నమ్మకు కూడా తొమ్మిదేళ్ళుగా షుగర్, వచ్చే సోమవారం ఆమెనూ తీసుకుపోతున్నా, మాత్రల సంచితో సహా.